ఇంటిపేరు కలిసిన మనిషి

మొన్న ఖమ్మం బస్టాండు నుంచి ఖానాపురం హవేలికి షేరాటోలో వస్తుంటే పక్కన కూర్చున్న ముసలాయన "ఏ ఊరు బిడ్డా?" అని అడిగాడు. చెప్పాను. "ఇంటిపేరేంది?" అన్నాడు. ఎదురు సీట్లో ఉన్న కాలేజీ పిల్లలు మొహాలు చిట్లించారు. ఇంటిపేరు అడగడమంటే కులం అడగడమేనని వాళ్ల ఉద్దేశం. అది అబద్ధమూ కాదు. నేను మాత్రం అత్తింటిదీ పుట్టింటిదీ రెండూ చెప్పేశాను. ఆయన దిగిపోయేదాకా ఆయన చేతివేళ్ల వంకే చూస్తూ కూర్చున్నాను. ఆయనెవరో నాకు తెలియదు. నాకు గుర్తొచ్చింది వేరే మనిషి.

ఆ మనిషి వృత్తి చుట్టరికం. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు. పొలం లేదు, ఇల్లు లేదు, ఒక పని చేస్తుండగా చూసినవాళ్లు లేరు. ఎవరైనా కనబడితే ఊరు, ఇంటిపేరు, గోత్రం, అమ్మమ్మ పుట్టినూరు అడిగేవాడు. కళ్లు మూసుకుని, వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుతూ కాసేపు గొణిగేవాడు. తర్వాత కళ్లు తెరిచి "అయితే నువ్వు నాకు మేనల్లుని వరస" అని తేల్చేవాడు. వరస తేలాక భోజనం వేళకు ఆ ఇంటి ముందు ప్రత్యక్షం కావడం ఎంతసేపు! సత్తుపల్లి నుంచి దమ్మపేట మీదుగా, అశ్వారావుపేట దాటి అడవి అంచు దాకా ఆయనకు చుట్టాలు లేని ఊరు లేదు. ఒకింట్లో మామ, పక్కింట్లో అల్లుడు. మా వీధి చివర ఒక ముసలమ్మ ఉండేది. వయసులో ఆయనకంటే బాగా పెద్దది. ఆయన లెక్క ప్రకారం మాత్రం ఆయన ఆమెకు తాత. ఆమె నోట్లో పళ్లు లేకుండా నవ్వుతూ "తాతా, సల్ల పొయ్యమంటవా?" అనేది. ఆయన నవ్వకుండా "పొయ్యి మనవరాలా" అనేవాడు.

మా ఇంటికి ఆయన్ను తెచ్చింది పామాయిల్. నాన్న గెలల ట్రాక్టరుతో ఫ్యాక్టరీ ముందు వరసలో ఉన్నాడు. ముందు బండి కదిలితే గానీ మన బండి కదలదు, పూట గడిచిపోతుంది. అక్కడ ఈయన వచ్చి మాట కలిపాడు. నాన్న ఇంటిపేరు చెప్పగానే వేళ్ల మీద లెక్క కూడా పెట్టలేదట. నాన్న రెండు చేతులూ పట్టుకుని "నాది గదే తమ్మీ" అన్నాడట. ఇంటిపేరు కలిసి, గోత్రం కలిస్తే మా వైపు పాలోళ్ల కింద లెక్క. అంటే అన్నదమ్ములే. నాన్న టిఫిన్ డబ్బా మూతలో సగం అన్నం ఆయనకు పెట్టి, సాయంత్రం ట్రాక్టరు మీదే ఇంటికి తీసుకొచ్చాడు.

"మన పాలోడంట. నాకంటే పెద్దోడు. అన్నయితడు" అన్నాడు అమ్మతో.

అమ్మది మధిర వైపు. "అన్నంట, అన్న! ఇన్నాళ్లూ లేని అన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర దొరికాడా?" అని వంటింట్లో గొణిగింది. గొణుగుతూనే కంచం కడిగింది. బయటికొచ్చి, "కాళ్లు కడుక్కోండి బావగారూ" అంది. అలా ఆయన నాకు పెదనాన్న అయ్యాడు.

వెనకాల ఆయన్ను అనడానికి ఊళ్లో మాటలకు కరువు లేదు. మా వీధిలో పడి తినేటోడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల వీధిలో తేరగా తినేవాడు, కోపమొస్తే ముష్టి మొహం. ఖమ్మంలో చదువుకుంటున్న కుర్రాళ్లు ఫుకట్ పార్టీ అనేవారు. బడిలో తెలుగు మాస్టారు పరాన్నభుక్కు అని, ఆ మాట నోరు తిరిగినందుకు తనే మురిసిపోయేవారు. మా నానమ్మ "పాపం, తిరిపెం బతుకు" అని నిట్టూర్చేది. ఈ మాటలన్నీ ఆయనకు తెలుసు. అరుగు మీద కూర్చుని ఏ ఊళ్లో తనను ఏమంటారో, ఏ ఊళ్లో ఏ కూర బాగుంటుందో చెప్పినంత తీరిగ్గా నాకు చెప్పేవాడు.

"దమ్మపేట దిక్కు దండుగ తిండి అంటరు బిడ్డా. ఇంకో ఊళ్ల బేవార్స్ అంటరు, గది పట్టించుకోను. ఒకడు మాత్రం పంచకాడి కుక్క అన్నడు. గది జర నొచ్చింది."

ఒక్క మాట మాత్రం ఒంటి మీద పడనిచ్చేవాడు కాదు. పక్కింటాయన ఓసారి వేళాకోళానికి "ఏం పెద్దమనిషీ, ఇయ్యాల ఎవరింట్ల అడుక్కుంటున్నవ్?" అన్నాడు. పెదనాన్న తింటున్న చెయ్యి ఆపేశాడు.

"అడుక్కునేటోడు గేటు బైట నిలబడ్తడు. పెట్టిన తల్లి ఎవరో ఆనికి తెల్వదు, ఆడెవడో ఆ తల్లికి తెల్వదు. నేను గట్ల గాదు. ఈ ఇంటికి నువ్వేమైతవని ఎవరన్న అడిగితే చెప్పటానికి నా దగ్గర ఒక మాటున్నది" అన్నాడు. ఆ పూట ఇక తినలేదు.

అలాగని అడగకుండా ఉండేవాడా? అడగకుండా అడగడంలో ఆరితేరాడు. కంచంలో ఉత్త పప్పే ఉంటే, "మొన్న వేంసూరుల మామిడికాయ తొక్కు తిన్నమ్మా. ఏం తొక్కు, ఏం తొక్కు!" అనేవాడు. అమ్మకు పౌరుషం జాస్తి. వేంసూరు తొక్కుకు తన ఆవకాయ తీసిపోయిందా అని జాడీ తెచ్చి ముందు పెట్టేది. పెట్టాక గానీ మోసపోయానని తెలిసేది కాదు. "ఈయన నోట్లో ఉన్నది నాలుక కాదే, గాలం" అని నాతో అనేది. పొలంలో గెలలు కోయిస్తుంటే ఆయన గట్టు మీద నిలబడి కూలీల ఇంటిపేర్లు కనుక్కునేవాడే తప్ప ఒక్క గెల ఎత్తి పక్కన పెట్టలేదు. అమ్మ కోపంలో న్యాయం లేకపోలేదు.

పరాన్నభుక్కు అంటే ఏమిటని ఒకరోజు నన్నే అడిగాడు. అప్పుడు నేను డిగ్రీ, బోటనీ. దాచి చెప్పడం చేతకాలేదు. "చెట్ల మీద బదనిక ఉంటుంది చూడు పెదనాన్నా, దాని వేరు నేలలో ఉండదు. చెట్టులోంచే తాగి బతుకుతుంది" అన్నాను.

"అవ్, చూసిన. ఇప్పచెట్లకు పడ్తది. ఎండకాలం చెట్టు ఆకంత రాల్చినా గది పచ్చగనే ఉంటది. సారు మంచి మాటే అన్నడు" అని సంతోషపడ్డాడు. నాకే ఎటు చూడాలో తెలియలేదు.

ఇంకోసారి అడవి లోపలి నుంచి వచ్చాడు. బస్సు చెడిపోయి గూడెంలో ఆగాల్సి వచ్చిందట. వచ్చినవాడు మామూలుగా ఉన్న కబుర్లన్నీ చెబుతాడు కదా, ఆరోజు అరుగు మీద కూర్చుని వీధి వంక చూస్తూ ఉండిపోయాడు. ఏమైందని అడిగాను.

"ఏం గాలే బిడ్డా. మంచోళ్లు. పోంగనే గిన్నెల జావ పోసిచ్చిండ్రు, మంచం ఏసిండ్రు."

"మరి?"

"ఇంటిపేరు అడగలే. ఏ ఊరని గూడ అడగలే. నేనే చెప్పబోతే, 'తాగు తాగు, ఆకలితోని ఉన్నవ్' అన్నరు. ఆ జావ నాకు గొంతు దిగలే బిడ్డా."

అన్నం కోసం చుట్టరికం కలుపుతాడని మేమంతా అనుకునేవాళ్లం. చుట్టరికం కోసమే అన్నం తింటున్నాడేమోనని నాకు ఆరోజు అనిపించింది. ఎదురుగా మనిషి ఉన్నా ఆయన ఒక్కడే ఉన్నట్టుండేవాడు. ఆ దిగులు నాకు కొంచెం అంటుకుంది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇక నా పెళ్లి సంగతి. ఖమ్మంలో బ్యాంకు కోచింగులో పరిచయమైన అబ్బాయే. రెండు ఇళ్లల్లోనూ అలిగి, ఏడ్చి, చివరికి ఒప్పించుకున్నాం. ముహూర్తం పెట్టుకున్నాక నానమ్మ పోయింది. పాలోళ్లందరికీ మైల. పెళ్లి ఆగిపోయింది.

మా వైపు పెద్దవాళ్లు పోతే పాలోళ్లలో చిన్నవాళ్లు గుండు చేయించుకోవాలి. కాలవగట్టున నాన్న, చిన్నాన్న, మిగిలినవాళ్లు వరసగా కూర్చున్నారు. పెదనాన్న ఎక్కడ విని వచ్చాడో, వచ్చి వరస చివర తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. ఎవరూ రమ్మనలేదు. మంగలి కత్తి పట్టుకుని నాన్న వంక చూశాడు. నాన్న "కానీ" అన్నాడు. అంతే. ఆ తర్వాత మైల తీరేదాకా మాతోపాటే చప్పిడి కూడు తిన్నాడు. ఏ ఊరి పచ్చడినీ పొగడలేదు. దాంతో ఊళ్లో వేళాకోళాలు తగ్గాయి. నోటితో కలిపిన వరసను కాదనొచ్చు గానీ తల గొరిగించుకున్నవాణ్ణి కాదనడం ఎవరి తరం? ఆయన మా పాలోడైపోయాడు.

ఇంట్లో పెద్దామె పోయింది కాబట్టి ఏడాది లోపే కన్యాదానం జరగాలన్నారు పెద్దలు. ఆ ఏడాదిలో చివరి ముహూర్తం ఒకటే మిగిలింది. అది దాటితే మూఢం. మా అత్తగారు ఫోన్లో అమ్మతో, "ఒకసారి ఆగింది, సరే. మళ్లీ ఆగితే మా వాళ్లను నేను ఆపలేను. పిల్ల జాతకం మంచిది కాదంటున్నారు ఇప్పటికే" అని తేల్చి చెప్పింది. అమ్మ ఫోన్ పెట్టేసి చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. ఈ ముహూర్తం తప్పితే నాకు ఆ మనిషి దక్కడని అందరికీ అర్థమైంది.

ఇంటి ముందు పందిరి వేస్తుండగా పెదనాన్న వచ్చాడు. గుర్తుపట్టలేకపోయాను. బుగ్గలు లోపలికి పోయాయి, దగ్గితే మనిషి మొత్తం కదిలిపోతున్నాడు. ఖమ్మం దవాఖానాలో చూపించుకున్నానని, "ఇగ ఇంటికి పొమ్మన్నరు తమ్మీ, అందుకే వచ్చిన" అని నాన్నతో అన్నాడు. అమ్మ అరుగు మీద మంచం వాల్చి జావ కాచి ఇచ్చింది.

చిన్నాన్న పందిరి గుంజ పట్టుకుని నాన్నను పిలిచాడు. ఆయనకు గొంతు తగ్గించి మాట్లాడటం పుట్టుకతోనే రాదు.

"అన్నా, ఆయన వాలకం సూస్తివా? లగ్గం లోపల ఏమన్న అయితే ఏం జేస్తవ్? గుండు గొట్టించుకున్న పాలోడు. మైల పడ్తది. పిల్ల లగ్గం ఆగుతది."

"ఊకోరా, ఇంటడు."

"ఇననీ. దవాఖానాల ఏస్తే మాత్రం? ఈడ పోయినా ఏడ పోయినా మైల మైలేనాయె."

నేను తలుపు దగ్గరే ఉన్నాను. పెదనాన్న మంచం మీద పడుకుని ఉన్నాడు. ఏవో లెక్కలు పెడుతూ కణుపుల మీద నడుస్తున్న బొటనవేలు ఆగిపోయింది. కళ్లు మాత్రం తెరవలేదు. నాకు ఆయన మీద జాలి వేసింది. నా పెళ్లి అయ్యేదాకా ఆయన బతకాలని దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను. ఆ దండం ఎవరి కోసమో నన్ను అడగకండి.

పొద్దున లేచేసరికి మంచం మీద మడతపెట్టిన దుప్పటి ఉంది, మనిషి లేడు. నాన్న బండేసుకుని బస్టాపు దాకా వెళ్లి వచ్చాడు. కనబడలేదన్నాడు.

పెళ్లికి ఐదు రోజుల ముందు, నన్ను పెళ్లికూతుర్ని చేసే రోజు. పీట మీద కూర్చోబెట్టి నలుగు పెడుతున్నారు. పాలోళ్లంతా ఉన్నారు. అత్తగారితోపాటు వాళ్ల తరఫు ఆడవాళ్లు కూడా వచ్చారు. అప్పుడు గేటు బయట నుంచి ఒక గొంతు వినబడింది.

"అమ్మా... ఇంత బువ్వుంటే పెట్టుండ్రి తల్లీ."

పెదనాన్నే. గేటు తీసే ఉంది. ఆయన మాత్రం గేటు అవతలే నిలబడి, తువ్వాల రెండు చేతులతో చాచి పట్టుకున్నాడు. నాన్న పరుగున వెళ్లాడు. "ఏందన్నా గిది? లోపటికి రా."

"నేను నీ అన్నను గాదు బాబూ" అన్నాడాయన. దగ్గు ఆపుకుంటూ అందరికీ వినబడేలా అన్నాడు. "నాది మీ ఇంటిపేరు గాదు. తిండికోసం కలిపి చెప్పిన. ఊరూరు గట్లనే చెప్పిన. నాకు ఎవ్వరు పాలోళ్లు లేరు. అడుక్కునేటోన్ని. ఇంత పెడితే తిని పోత."

"సూసినవా, నేను ముందుగాలే అన్న, దొంగ చుట్టమని!" అన్నాడు చిన్నాన్న. ఆ గొంతులో కోపం కంటే గండం గడిచిన నిమ్మళమే ఎక్కువ. మా అత్తగారు అమ్మను "ఎవరండీ ఆయన?" అని అడిగింది.

అమ్మకు అందరికంటే ముందే అర్థమైంది. నేను ఆమె మొహం చూశాను. పెదవి కొరుక్కుంది.

"ఎవరో... అడుక్కునేవాడు" అంది.

లోపలికి వెళ్లి విస్తరిలో అన్నం, పప్పు పెట్టుకొచ్చి, గేటు ఇవతల నిలబడి ఆయన చాచిన తువ్వాలలో పెట్టింది. మళ్లీ లోపలికి వెళ్లింది. ఆయన ఏ ఊరి తొక్కునూ పొగడలేదు, అయినా ఆవకాయ జాడీ తెచ్చి గరిటె నిండా వేసింది.

"సల్లగుండు తల్లీ. నీ బిడ్డ కాపురం సల్లగుండాలె" అన్నాడు. మా ఇంట్లో అన్ని పూటలు తిన్నాడు, ఎప్పుడూ అలా దీవించలేదు. ఇంటివాడు ఎక్కడైనా తిని దీవిస్తాడా? నా వైపు చూడకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నాన్న వెంట వెళ్లబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దండీ. ఆయన చేసిన పని చెడగొట్టొద్దు" అంది మెల్లగా. మొహం నిండా పసుపుతో పీట మీద కూర్చున్నదాన్ని, లేవకూడదు. లేచేదాన్ని కూడా కానేమో.

పెళ్లి బాగా జరిగింది. అందరూ బాగుందన్నారు. పదహారు రోజుల పండుగకు నాన్న నున్నటి గుండుతో వచ్చాడు. మా అత్తగారు అడిగితే "భద్రాచలం రాములోరికి మొక్కుండె వదినా, బిడ్డ లగ్గం మంచిగ అయితే తల ఇస్తనని" అన్నాడు. ఆమె ఎంతో సంతోషించింది. నేనూ నమ్మాను. పెదనాన్న మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఏళ్లు గడిచిపోయాయి.

షేరాటో ముసలాయన సంగతి ఈ ఆదివారం మా ఇంటికి వచ్చిన నాన్నకు చెప్పాను. చెప్పి, "పెదనాన్న ఏమయ్యాడో" అన్నాను. నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది గానీ, అంటూ మొదలుపెట్టాడు.

పెళ్లయిన వెంటనే నాన్న ఆయన్ను వెతుక్కుంటూ ఊళ్లన్నీ తిరిగాడట. చివరికి భద్రాచలం గోదావరి మెట్ల మీద అడుక్కునే ఒకామె ఆనవాలు పట్టింది. నా పెళ్లికి ముందురోజే పోయాడట. పంచాయతీవాళ్లు వచ్చి తీసుకెళ్లి దహనం చేశారట.

"'మస్తుమంది చుట్టాలున్నరని చెప్పెటోడు. మరి కబురు పెడ్తం, ఊరు చెప్పు అంటే చెప్పలే' అన్నది బిడ్డా ఆమె. 'మా తమ్ముని బిడ్డ లగ్గం ఉన్నది. ఇప్పుడు కబురు పోతే మైల తగుల్తది. లగ్గం కానియ్యుండ్రి, ఎవరన్న ఎతుక్కుంట వస్తే అప్పుడు చెప్పుండ్రి అన్నడు' అన్నది."

"నిజంగా మన ఇంటిపేరేనా నాన్నా ఆయనది?" అని అడిగాను.

"ఏమో బిడ్డా, నాకేం తెలుసు. నువ్వేమైతవ్ ఆయనకు అని ఆమె నన్ను అడిగింది. తమ్ముణ్ణని చెప్పిన. ఆడనే మెట్ల మీద మంగలి ఉంటే పోయి కూసున్న."